ఒత్తు

అక్షరాలొద్దు అన్నది రోవెనా.
పలకొద్దు, బోర్డొద్దు, చెవులు చాలంట.
ఫహాహీల్ బడిలో, ఏసీ హోరులో
కొత్త టీచర్లం ఏడుగురం, చిన్నపిల్లల కుర్చీల్లో ఇరుక్కుని.

'కప్' లో ఎన్ని శబ్దాలు?
ఒకటిన్నర అన్నాను నేను.
మూడంట.
ఒక్కో శబ్దానికీ ఒక్కో ఫిల్సు నాణెం ముందుకు జరపాలంట.
ఇక్కడి నాణెం మీద తెరచాప పడవ ఉంటుంది.
క్, ఒక పడవ కదిలింది.
అ, ఇంకొకటి.
మూడోది నా వేలి కిందే ఆగిపోయింది.

రాజంపేటలో ఇసుకలో దిద్దిన నాటి నుంచీ
'క' నాకు ఒక్క ముద్ద.
ఇప్పుడు దాన్ని చీల్చి, లోపల ఇద్దరున్నారు చూడమంటే
తలకట్టు ఊడి బల్ల మీద పడినట్టయింది.

రెండో వారం టిష్యూ కాగితం.
పెదాల ముందు పట్టుకుని 'ప్' అనాలి, ఎగరాలి.
ఐర్లండు అమ్మాయిది రెపరెపలాడింది.
కొట్టాయం జిన్సీది కాస్త వణికింది.
నాది, ఆగస్టులో బాల్కనీ తీగ మీద తువ్వాలు.
"నీ ప లో గాలి లేదు.
మనీలా నుంచి వచ్చిన కొత్తలో నాకూ లేదులే."

గాలెక్కడిది?
'ఫలము' అనమంటే 'పలము' అని
తెలుగయ్యవారితో గోడకుర్చీ వేయించుకున్న నోరిది.

రాత్రి మంగాఫ్ గదిలో స్టవ్ మంట ముందు ప్, ప్ అంటుంటే
నైట్ డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ మా ఆయన
"పాలు పొంగినాయా?" అన్నాడు.

యూసుఫ్‌కి ఐదేళ్లు.
వాళ్లింటి మాటల్లో అసలు ప లేదు.
పెన్ను బెన్ను, పార్కు బార్కు,
నేను మిస్ బెంచల.
పెంచలకోనకు మొక్కుకుని పెట్టిన పేరు
బడి సామానులో కలిసిపోయింది.

ఒకే కాగితం మా మధ్య.
వాడికి ప లేదు, నా ప కి ఊపిరి లేదు.
ఎవరు ఎవరికి నేర్పుతున్నారని జిన్సీ నవ్వింది.
వాడి ఉమ్మి నా కళ్లద్దాల మీద.
తుడుచుకుని మళ్ళీ.

ఎన్నో రోజో గుర్తులేదు.
గేటు దగ్గర దుమ్ముగాలి, వాళ్ల డ్రైవరు హారన్.
పరిగెత్తేవాడల్లా వెనక్కి తిరిగి
పెదాలు బిగించి, బుగ్గలు నింపి
"మిస్ ఫెంచల!"

నా పేరులో ఎన్నడూ లేని ఒత్తు.
గోడకుర్చీకి కూడా రానిది.

నుదుటి మీద వెంట్రుకలు కదిలాయి.
దుమ్ముగాలికే కావచ్చు.