ఉప్పు కడగడానికి నీళ్ళు

ఏడు దీవులు. ఒక్క రన్‌వే.
దాని మీద మేకలు.
రక్షణ మంత్రి ఎవరిస్తు నా ముందు తెల్లకాగితం పెట్టి
"వైమానిక దళం రాయి" అన్నాడు,
పెళ్ళి సరుకుల చిట్టా రాయమన్నంత తేలిగ్గా.

ఇరవై రెండేళ్ళు ఎవరెవరి దేశాలకో సరుకు మోసినదాన్ని,
చేపలు, గులాబీలు, ఒకసారి సర్కస్ ఒంటె.
మా వెంతోజ దీవుల్లో విమానం దింపడం తెలిసింది నాకొక్కదానికే
కాబట్టి నేనే సేనాపతిని, గుమాస్తాని,
కాఫీ కాచేదాన్ని కూడా.

పాత ఉప్పు గిడ్డంగిలో కమిటీ కూచుంది.
మొదటి రోజంతా చిహ్నం గురించే.
గద్ద కావాలని ఒకరు,
మన దగ్గర గద్దలెక్కడివని ఒకరు,
ఉన్నది చేపలెత్తుకుపోయే నీటికాకేనని ఇంకొకరు.
ఆలూ లేదు చూలూ లేదు,
సోమలింగం రెక్కకి ఈకలెన్నో లెక్కపెడుతున్నాం.

మంత్రికి జెట్లు కావాలి.
స్వాతంత్ర్య దినాన బారుగా మూడు, రంగుల పొగతో.
పటం మీద పెన్సిలుతో చూపించాను:
జెట్టు లేచి, చక్రాలు లోపలికి ముడుచుకుని,
పైలట్ గొంతు సవరించుకునేలోపు
దేశం అయిపోతుంది.
ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
మనది చిన్న దేశమని అప్పటిదాకా
ఎవరూ ఆయనకు సెకన్లలో చెప్పలేదు.

శత్రువెవరు? ఫారంలో ఒక గడి ఉంది.
రాత్రుళ్ళు దీపాలార్పి మా ట్యూనా తోడుకుపోయే ఓడలు, అని రాశాను.
దాని కింద, గడి దాటి, చిన్న అక్షరాలతో
జస్తీను పడవ.
నలుగురు. తొమ్మిది రోజులు కొట్టుకుపోయారు.
పైనించి వెతకడానికి ఒక్క కన్ను లేదు.
పదోరోజు పడవ దొరికింది.
పడవే దొరికింది.

పైలట్లకన్నా ముందు మెకానిక్కు.
దొమితీలియాని పిలిచాను. పడవ ఇంజన్లు బాగుచేస్తుంది,
స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని.
విమానం బొమ్మ చూసి ఒకటే అడిగింది:
"సముద్రం మీద తిరిగొచ్చాక దీన్ని కడగాలిగా,
మంచినీళ్ళతో?"
కడగాలి. ప్రతిసారీ. లేకపోతే ఉప్పు
రివెట్ల చుట్టూ చేరి చప్పుడు చెయ్యకుండా తినేస్తుంది.
"ఎన్ని?"
ఎనిమిది వందల లీటర్లు.
ఆమె చెయ్యి తుడుచుకుని కిటికీలోంచి చూపించింది.
కుళాయి దగ్గర పసుపు డబ్బాల వరస.
మనిషికి రోజుకి రెండు.
వరసలో వాళ్ళమ్మాయి, డబ్బా మీద కూచుని
పదమూడో ఎక్కం చదువుకుంటోంది.

ఆ రాత్రి ప్లాను చించెయ్యలేదు.
కాగితం వెనక్కి తిప్పి భాగహారం చేశాను:
ఒక గస్తీ అంటే నలభై డబ్బాలు,
ఇరవై మంది గొంతులు.
నలుగురిని వెతకడానికి ఇరవై మంది దాహం.
ఎన్నిసార్లు వేసినా లెక్క తప్పలేదు.
తప్పుతుందేమోనని తెల్లారేదాకా వేశాను.

పొద్దున మొదటి పద్దులో విమానం కొట్టేసి
పైకప్పు అని రాశాను.
హాంగరు. రేకులది. రెండువైపులా వాలు,
అంచుల వెంట తూములు, కింద సిమెంటు తొట్టి.
"లోపలేం పెడతావు?" అన్నాడు మంత్రి.
ప్రస్తుతానికి మేకల్ని, అన్నాను.

ఆర్నెల్లకు కప్పు లేచింది.
వాన చూసే అనిసేతు, దళంలో మూడో ఉద్యోగి,
రోజూ ఉదయం సెల్యూట్ కొట్టి ఒకే నివేదిక ఇచ్చేవాడు: రాలేదు.
అక్టోబరు పంతొమ్మిది, అర్ధరాత్రి దాటాక వచ్చింది.
రేకుల మీద ఆ మోతకి
దొమితీలియా చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది,
ఇంజను ఎవరు స్టార్టు చేశారని.

లాగ్‌బుక్కు మొదటి పేజీ, ఎవరైనా చూడొచ్చు:
విమానాలు: లేవు.
ఎగిరిన గంటలు: సున్నా.
నీళ్ళు: పదకొండు వేల లీటర్లు.
తరుగు: నూట యాభై లీటర్లు, మేకలు తాగేశాయి.