ఎముకతో వినడం

అరవై దాటాకే మొదలవుతుంది.
యాభైలో ఉండదు, యాభై అయిదులో గొంతు సవరించుకుంటుంది,
అరవైలో, ముందు ఎడమ మూల నుంచో,
కాదు, నా కాళ్ళ కింద నుంచో,
తుమ్మెద సీసాలో పడ్డట్టు.

కింది ‘సి’ కంటే వెంట్రుకవాసి దిగువన.
స్వరం చెప్పగలను. జబ్బు చెప్పలేను.
ముప్ఫై ఏళ్ళుగా కుతైసీలో పియానోలు శ్రుతి చేసి బతుకుతున్నదాన్ని,
నా చెవినే వెక్కిరిస్తోంది.

అద్దాలు దించి చూశాను. రేడియో పెంచి చూశాను.
డిక్కీలో జాకీని పాత శాలువాలో చుట్టి చూశాను.
రియోనీ వంతెన మీద తగ్గినట్టనిపించింది గానీ
చెవి నది వైపు వాలింది, అంతే.

గోచా బానెట్ కూడా ఎత్తలేదు.
పొద్దుతిరుగుడు తొక్క ఉమ్మేసి, “గేర్‌బాక్స్” అన్నాడు,
“పన్నెండు వందల లరీలు.”
రోగి గడప తొక్కకముందే మందు నూరేసే రకం.

రెండోవాడు, రైల్వే గేటు పక్కన, మహా మర్యాదస్తుడు.
అమ్మా అమ్మా అంటూనే నాలుగు టైర్లూ మార్చేశాడు.
కొత్త టైర్ల మీద పాత కూనిరాగం.
“కుడి స్టీరింగు జపాన్ బళ్ళు ఇంతేనమ్మా, అలవాటు పడాలి.”
అలవాటు పడటమే నాకు చేతకానిది.
పడితే నా కూడు పోతుంది.

జుంబెర్ పేరు చెప్పింది సంగీతం బడి కాపలామనిషి త్సియాలా.
“ఆయనకి సరిగ్గా వినపడదు, మరి నీ ఇష్టం.”
జెస్తాఫోనీ కొలిముల దగ్గర ఇరవై ఏళ్ళు.
కుడి చెవి అక్కడే వదిలేసి వచ్చాడట.

నేను ఆ శబ్దాన్ని అనుకరించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.
ఎటు మలుపు తిరిగితే పెరుగుతుంది?
వానలో?
బ్రేకు తొక్కితే ఆగుతుందా?
గేరు తీసేసి పల్లంలో వదిలితే?
ఎలా ఉంటుందో అందరికీ పాడి వినిపించాను ఇన్నాళ్ళూ.
ఎప్పుడు ఉండదో ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

అన్నీ విని, నా పెదాలు చూస్తూ విని,
“తెలీదు” అన్నాడు.
ఆ మాటకి, అక్కడున్న నూనె మరకల స్టూలు మీద
హాయిగా కూర్చున్నాను.

బండి పైకెత్తి చక్రం చేత్తో తిప్పాడు.
బారెడు స్క్రూడ్రైవర్ మొన ఇరుసు దగ్గర ఆనించి
కర్రపిడి పళ్ళతో కరిచి కళ్ళు మూసుకున్నాడు.
కుడి చక్రం. ఎడమ చక్రం. మళ్ళీ కుడి.
తర్వాత పిడిని చొక్కాకి తుడిచి నాకిచ్చాడు.

నా దవడలో ఇసుక నలిగింది.

శ్రుతి ఫోర్కుని నేనూ పళ్ళ మధ్య పెట్టుకునే వింటాను,
పద్దెనిమిదో ఏట నుంచీ.
బండికీ ఎముకలుంటాయని తట్టలేదు.

“ఎడమ బేరింగు పోయింది. కుడిది ఇంకో రెండేళ్ళు లాగుతుంది,
దాన్ని ముట్టుకోను.”
తొంభై లరీలు.
అరిగిన బేరింగుని కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు,
పీకిన పన్ను చూపించే డాక్టరులా.

చిల్లర లెక్కపెడుతూ, అవసరానికి మించి గట్టిగా, అన్నాడు:
“మా మనవరాలి పియానో జుయ్యిమంటోందట.
ఇద్దరొచ్చి చూశారు. తీగలన్నీ మార్చాలన్నారు.
నాకేం తెలుస్తుంది.”

ఆదివారం వెళ్ళాను.
మెదెయా, తొమ్మిదేళ్ళుంటాయి, ఒకే మెట్టు పదేపదే నొక్కి చూపించింది.
“ఎప్పుడు మోగదు?” అన్నాను.
కాసేపు ఆలోచించి, “మూత తెరిచి ఉంటే” అంది.
మడతబందులో సీల వదులు.
అగ్గిపుల్ల విరిచి దూర్చాను.

జుంబెర్ కదలకుండా నా నోటి వంకే చూస్తున్నాడు.
తీగలన్నీ పోయాయన్నా నమ్మేవాడు.
నమ్మక ఏం చేస్తాడు?

షెడ్డులోంచి అదే స్క్రూడ్రైవర్ తెచ్చి
మొన చెక్కకి ఆనించి పిడి కరిచాడు.
పిల్ల నొక్కింది. మళ్ళీ నొక్కింది.
చాలాసేపు వంగి అలాగే ఉండిపోయాడు.
తర్వాత, పిడి నోట్లోంచి తియ్యకుండానే,
ఎంతయిందని వేళ్ళతో సైగ చేశాడు.

“అగ్గిపుల్ల” అన్నాను.
వినిపించలేదు.
పెట్టె తెరిచి చూపించాను.