నల్ల ప్రింటు

డాబాగార్డెన్స్‌లో మెట్ల కింద మా చీకటిగది.
ఎర్ర బల్బు, హైపో వాసన,
తీగ మీద క్లిప్పులకు వేలాడే పెళ్ళికూతుళ్ళు.
వాళ్ళ మధ్యకి నీళ్ళోడుతూ వచ్చేవి
జామి భానోజీ గారి జీవాలు:
మేఘాద్రిగెడ్డ తుంగలో బావురుపిల్లి,
కంబాలకొండ దారికి అడ్డంగా రక్తపింజరి,
కొండకర్ల ఆవలో కొంగ, ముక్కున నత్తతో.

ఒకసారి కవర్లు తారుమారయ్యాయి.
గాజువాక పెళ్ళివారి ఆల్బంలో
తలంబ్రాలకీ అప్పగింతలకీ నడుమ
ఒక దేవాంగపిల్లి, కళ్ళు ఇంతింత చేసుకుని.
తిట్లు నేను తిన్నాను.
ఆయన మాత్రం
"ఫోకస్ ఎలా ఉందన్నారు?" అని అడిగారు.

పగలు పోర్టులో టాలీ గుమాస్తా.
కాలరు మీద ఇనుప ఖనిజం ఎర్ర ధూళి.
వ్యాగన్లు లెక్కపెట్టిన చేత్తోనే సాయంత్రం
ఉప్పుటేటి ఒడ్డున కొంగల్ని లెక్కపెట్టేవారు.
ఆదివారం అనుబంధానికి రాసింది
ముందు నాకే చదివేవారు, నా చేతులు డెవలపర్‌లో ఉండగా.
"అందమైన పక్షి అని ఒక్క ముక్క పెట్టండి బాబూ" అంటే
"అందం దాని గొడవ కాదోయ్.
ఎన్నింటికి వచ్చింది, ఏం తిన్నది,
ఎవరికి బెదిరి లేచింది,
అంతవరకే మన పని."

మాఘం దాటితే ఆయనకి నిద్రుండేది కాదు.
జోడుగుళ్ళపాలెం ఇసకలో తాబేళ్ళ గుడ్లు.
పిల్లలు పైకొస్తూనే వెలుగుకేసి నడుస్తాయి,
వాటి లెక్కలో వెలుగంటే సముద్రం.
మన లెక్కలో బీచ్ రోడ్డు.
తెల్లారి తారు మీద, టైర్ల గీతల్లో,
అణా బిళ్ళలంత డిప్పలు.
ఆయన తీసేవారు, నేను కడిగేవాణ్ణి,
ఏ పత్రికా వేసేది కాదు.
ఒక్క నెల దీపాలు ఆర్పమని
కార్పొరేషన్‌కి తొమ్మిది అర్జీలు.
ఒక దానికి జవాబు వచ్చింది:
తమరి ఫిర్యాదు మేరకు
వెలగని స్తంభాలు రెండు బాగుచేయించడమైనది.

ఆ మార్చిలో ఒక రాత్రి ఊరంతా కరెంటు పోయింది.
మర్రిపాలెం నుంచి పెదవాల్తేరు దాకా
మేడల మీద విసనకర్రలూ శాపనార్థాలూ.
చీకటిగదిలోంచి బయటికొస్తే బయటా చీకటిగదే.
సందు చివర సైకిల్ బెల్లు ఊరికే మోగించుకుంటూ
పోతున్నారెవరో, పెళ్ళికి పోతున్నట్టు.

మర్నాడు రోలు తెచ్చారు. కడిగాను.
అద్దంలా ఖాళీ, ముప్పై ఆరు ఫ్రేములూ.
"ఫ్లాష్ మర్చిపోయారా?"
"ప్రింటు వెయ్యి."
"ఏముందనండీ?"
"వెయ్యవయ్యా, డబ్బులిస్తాను."
ట్రేలో కాగితం మెల్లగా నల్లబడింది,
అంచుల దాకా, ఎక్కడా ఆగకుండా.

ఆరాక వెనక పెన్సిలుతో రాశారు:
రాత్రి రెండుంబావు. పడమటి గాలి.
ముప్పై ఆరు దాకా కెమెరా నొక్కి లెక్కపెట్టాను,
ఆ పైన నా వేళ్ళూ మైలపల్లి పోలయ్య వేళ్ళూ.
తొంభై నాలుగు.
ఒక్కటీ రోడ్డెక్కలేదు.

స్టూడియో పోయి సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది.
ప్రింటు మా ఇంట్లో, మీటరు పక్కన మేకుకి.
వచ్చినవాళ్ళు కాలిపోయిందా అంటారు.
ఫిక్సరు సరిగా వదలనట్టుంది,
ఒక మూల గోధుమరంగు తిరుగుతోంది.
అది నా పొరపాటు, ఆయనది కాదు.