పక్కింటి గోడ మీద స్విచ్చి

మా పొందూరులో చేప దవడతో పత్తి దువ్వుతారు.
నమ్మకపోతే మధ్యాహ్నం పూట రండి.
మా మామ్మ దాలమ్మ అరుగు మీద
వాలుగ పళ్లు కొండపత్తిలో దిగుతుంటే
గింజ చుట్టూ దూది లేచి నిలబడే చప్పుడు
వింటే వినిపిస్తుంది.

ఆవిడ కుడిచేతికి రెండు బొటనవేళ్లు.
పెద్దది ఏకు పట్టుకుంటే
చిన్నది ఊరికే ఉండదు,
నూలు జారేచోట గోరంత ఆసరా పెడుతుంది.
తూకానికి పెడితే
ఊరందరి చిలపల్లో ఆవిడదే తేలిక.

నాకూ ఉండేదట.
పురుటి స్నానం నాడు మంత్రసాని
దారంతో బిగించి కట్టిందట.
ఎవరి దారమని అడిగితే అమ్మ చూపు తిప్పుకుంటుంది.
మా ఇంట్లో మామ్మ వడికింది తప్ప
ఇంకో దారం ఎప్పుడుంది గనక!
నల్లబడి రాలిపోయింది.
ఎక్కడ పాతిపెట్టారో ఎవరికీ గుర్తులేదు.
ఇప్పుడక్కడ శనగబద్దంత మచ్చ,
వానాకాలం దురద.

మొన్న నా కొడుకు పుట్టాడు.
నర్సు గుడ్డ విప్పి వేళ్లు లెక్కపెట్టింది,
మళ్లీ లెక్కపెట్టి
నా మొహంలోకి చూసింది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
చీటీ వెనక గుండ్రాలూ చదరాలూ గీసింది.
మామ్మ గుండ్రం నల్లగా నింపింది.
నాన్న చదరం దగ్గర ఆగి అమ్మని చూసింది.
అమ్మ తలూపింది.
ఫొటోల్లో నాన్న కుడిచెయ్యి
ఎప్పుడూ లాల్చీ జేబులో ఎందుకుందో
నాకు ముప్పయ్యో ఏట తెలిసింది.

"వేళ్లు మొలిపించే జన్యువు బాగానే ఉందమ్మా,
దాని స్విచ్చిలో ఒక్క అక్షరం మారింది.
ఆ స్విచ్చి కూడా దాని దగ్గరుండదు,
పది లక్షల అక్షరాల అవతల
వేరే జన్యువు ఇంట్లో ఉంటుంది."

మా చిన్నాన్న చేను గుర్తొచ్చింది.
మోటారు మాది, స్విచ్చి పక్కోడి గోడ మీద.
వాడు వెయ్యకూడని వేళ వేసి మరిచిపోతే
గట్టు తెగి, మడి పక్కన
ఎవరూ తవ్వని కాలవ.

దాని పేరులో ముళ్లపంది ఉందని కూడా చెప్పిందావిడ.
నవ్వొచ్చింది, కుట్లు లాగాయి.
చేపకీ ఇదే స్విచ్చి, రెక్కలు మొలిపిస్తుందట.
పాముకి అది చెడిపోయిందట.

ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను.
వినలేదేమో అనుకున్నాను.
వాలుగ దవడని అటూ ఇటూ తిప్పి చూసుకుని
"అయితే ఇది మనకి సుట్టమేటే?" అంది.
"ఇన్నేళ్లూ సుట్టం పళ్లతోనే దువ్వేను గావాల."

ఏడాది నిండాక తీసేస్తామన్నారు.
సంతకం నాది. కాగితం బీరువాలో ఉంది.

మామ్మ నన్నేమీ అడగలేదు.
వాడి పిడికిట్లోకి ఓ ఏకు జొనిపింది.
పెద్దవేలు మూసుకుంది,
కాస్త ఆలస్యంగా చిన్నదీ.
"గట్టిగా నొక్కీకురా," అంది,
"తెగిపోద్ది."