మూడో ప్రశ్న

లాలాగూడ రైల్వే గ్రౌండు.
సెమీఫైనలు. ఇంకా పదకొండు నిమిషాలు.
కార్నర్ బంతికి ఎగిరిన మెర్సీ
గాల్లో ఎవరి మోకాలో తగిలి
గోల్‌పోస్టు పక్కన పడ్డది.
బంతి మాత్రం వదల్లే.

ఐదు లెక్కపెట్టేలోపు లేచి కూసున్నది.
"నాకేం కాలే సార్" అని గ్లవ్స్ సర్దుకున్నది.
పదమూడేండ్ల పిల్లకు
అబద్ధం ఆడరాదనుకుంటరు పెద్దలు.

నా జేబుల లామినేషన్ చేసిన కాగితం.
ఇది ఏ గ్రౌండు? చెప్పింది.
ఫస్టాఫా, సెకండాఫా? చెప్పింది.
ఇంతకు ముందు గోలు ఎవరు కొట్టిన్రు?
"ఇందుజ" అన్నది, తడుముకోకుండ.
ఇందుజ కొట్టింది పోయిన శనివారం.
ఈ రోజు ఇందుజ జ్వరంతోని ఇంట్లనే ఉన్నది.

చెయ్యెత్తిన.
గట్టు మీదికెల్లి వాళ్ల నాయిన అరిచిండు,
వర్క్‌షాపుల ఫిట్టరు, డ్యూటీ మార్చుకొని వచ్చిండు:
"రక్తం ఒక్క చుక్క లేదు కద సార్!"

లేదు. అదే దీనితోటి తంటా.
మోకాలు గీరుకపోతే బస్తీ అంత చూస్తది.
మెదడు కదిలితే
లోపట గడియ పెట్టుకొని కూసుంటది.

నా తలకు తగిలిననాడు మా మాస్టరు
గోలీసోడా కొట్టి మొఖం మీద చల్లి
"మొగపిలగానివి, పద" అన్నడు.
ఆడిన. గెలిచినమంటరు.
కప్పు ఎత్తుకున్న ఫోటో ఉన్నది.
ఎత్తుకున్నది మాత్రం
నాకు ఈనాటికీ యాదికి లేదు.

బదులు దిగిన చిన్నదాని చేతులకు
గ్లవ్స్ వదులైనయ్.
రెండు గోల్స్ పోయినయ్. ఓడినం.
ఎవ్వరూ నాతోటి మాట్లాడలే.

గాంధీ దవాఖానకు ఆటోల పోతుంటే
మెట్టుగూడ కాడ అడిగింది:
"సార్, గెలిచినమా?"
చిలకలగూడ కాడ మళ్ల,
అదే గొంతు, మొదటిసారి అడిగినట్టే.
మూడోసారికి
వాళ్ల నాయిన నా మోచెయ్యి పట్టుకున్నడు.
ఏమనలే.

రెండు రోజులు సెల్లు బంద్.
మొదలు నడక, నొప్పి లేకుంటే మెల్లగ పరుగు,
డాక్టరమ్మ సంతకం పెట్టినంకనే బంతి.
ఒక్క మెట్టు కాడ తల తిరిగినా
కింది మెట్టుకే.

నిన్న గ్రౌండు చుట్టు నడుచుకుంట వచ్చి
నా ముంగట ఆగింది.
"నన్ను దింపకుంటే గెలుస్తుంటిమి."
జవాబు కోసం ఆగలే.

ఇయ్యాల ఎదురుపడ్డది.
మొఖం తిప్పుకొని పోయింది.

నిన్నటి కోపం
యాదికున్నది పిల్లకు.