ఎడమ కార్నర్

టైమ్‌షీట్ వెనక్కి తిప్పి రాస్తున్నా.
పేరు నలువాల శ్రావణ్. డిగ్రీ రెండో ఏట ఆపేసి
షార్జా, సజా క్యాంపులో షట్టరింగ్ పని.
ఎత్తు: చాలదు.
కంపెనీ జట్టు మేనేజరు మొదట అడిగేది అదే.
వయసు పాస్‌పోర్టులో ఇరవై మూడు,
ఏజెంటు పెంచాడట. వాడు చెప్పిన ఇరవయ్యే వేశా.

శుక్రవారం, ఎండ ముదరకముందే
ట్యాంకర్ నీళ్ళతో తడిపిన ఇసుకలో బరి గీశాం.
ముగ్గుపిండి లేదు, సిమెంటు పొడి.
కూతకొచ్చినవాడు చేయి విసిరితే
అందరూ చేతిని చూశారు.
వీడు నడుము చూశాడు.
చేయి అబద్ధమాడుతుంది, నడుముకి అంత తెలివి లేదు.
చీలమండ మీద వేళ్ళు బిగిసిన చప్పుడు
గీత బయట నాకు వినిపించింది.

తప్పులూ రాయాలి.
మూడో కూతకి తొందరపడ్డాడు,
పట్టు జారింది, మోచేయి చీరుకుంది,
వాడి వల్ల ముగ్గురు బయటికి.
తిరిగి బరిలోకి రాగానే ఇసుక ఉమ్మేసి
అదే మూలకి పోయి నిలబడ్డాడు,
ఏమీ జరగనట్టు.

అది నేర్పితే వచ్చేది కాదు.
నిజామాబాదులో నేను వదిలేసిన కాలు ఒకటుంది,
పదకొండేళ్ళయింది,
ఇప్పటికీ నా గుప్పిట్లోంచి జారుతూనే ఉంది.

వీడు పోతే నా గ్యాంగులో ఒక మనిషి తక్కువ.
రేపే ఎనిమిదో అంతస్తు స్లాబు.

పైన 'చాలదు' కొట్టేసి 'చాలు' అని రాశా.
కింద, అదే పెన్నుతో:
షట్టరింగుకి ఒకడు కావాలి, అర్జెంటు.