బూడిద శాతం

నిరుడు మట్టల ఆదివారం పట్టుకున్న ఈత మట్టలు
యేడాదంతా సిలువ పటం వెనక ఎండి
నిన్న రాత్రి గుడి వెనక రేకు డబ్బాల కాలినయ్.
పొద్దున ఆరింటికి ఇన్నయ్య ఫాదర్ బొటనవేలు
నా నుదుట గరుకుగా గీసింది:
మట్టివి, మరువకు.

ఎట్ల మరుస్త ఫాదర్?
నా నౌకరే అది.
గోదావరిఖనిల, బొగ్గు పరీక్షల గదిల
రోజుకు ఇరవై నాలుగు మూసలు.
మూసకు ఒక గ్రాము పొడి.
ఎనిమిది వందల పదిహేను డిగ్రీల కొలిమి.
చల్లారినంక తూకం, చుక్క తర్వాత నాలుగంకెలు.
మిగిలింది బూడిద శాతం.
పోయింది ఎటు పోయిందో
రిజిస్టర్ల గడి లేదు.

మొన్న సత్యోపదేశం తరగతిల లూర్దు
సంచిలకెళ్లి ఒక రాయిపెళ్ల తీసింది.
మీద ఆకు అచ్చు, నాలుకోలె,
నడుమ ఈనె, ఈనె చుట్టూ వల.
వాళ్ల నాయిన ఓపెన్‌కాస్టు మట్టిగుట్ట కాడ ఏరిండట.
"టీచర్, ఇది మూడో రోజు పుట్టిందేనా?"
మూడో రోజే, అన్న.
ఆ రోజు ఎంత పొడుగో పిల్ల అడగలే.
అడిగితే చెప్పేదాన్ని:
ఇరవై ఏడు కోట్ల ఏండ్ల కింద
ఇక్కడంత చిత్తడి అడివి.
దానికి పేరు పెట్టే మనిషి లేడు,
కొట్టే గొడ్డలి లేదు, మొక్కే చెయ్యి లేదు.
అయినా మంచిగున్నదని అన్నడు ఆయన.
ఎవరికి వినవడాలని?

మా అమ్మమ్మ సలోమమ్మను రెండుసార్లు పూడ్చినం.
మొదటిసారి, చచ్చిపోయినప్పుడు.
రెండోసారి, బొందలగడ్డ కింద అరవై మీటర్ల లోతుల
మంచి పొర ఉన్నదని తేలినప్పుడు.
సర్వే సార్లు సమాధులకు ఎర్ర అంకెలేసిన్రు.
అమ్మమ్మ నలభై ఒకటి.
ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల కప్పు కూలకుండ
దిమ్మెలు నిలబెట్టిన మా నాయిన చిన్నప్ప
సిమెంటు సంచి మూతి తెరిచి పట్టుకున్నడు.
తొడ ఎముక. రెండు పండ్లు. జపమాల తీగ.
పూసలు కట్టెవి, ఎప్పుడో కరిగినయ్.
మిగిలిన సలోమమ్మంతా ఆ నల్లమట్టే.
దాన్ని డంపరు ఎత్తుకపోయి గుట్ట మీద పోసింది.

కడపటి దినాన శరీరం లేస్తదని
ప్రతి ఆదివారం నిలవడి ఒప్పుకుంటం.
లెక్క తెలిసినదాన్ని ఫాదర్ నేను.
ఆమె లేవాలంటే ఆ సంచి ఒక్కటి లేస్తే సాలదు.
గుట్ట లేవాలె. గుట్ట మీద కంపెనీ నాటిన చెట్లు,
వాన పడితే గుట్టకెళ్లి దిగే నల్లనీళ్లు,
ఆ నీళ్లు తాగిన బర్లు, బర్ల పాలు తాగిన లూర్దు,
అందరి దగ్గర కొంచెం కొంచెం ఉన్నది ఆమె.
ఒక్క ముసలిదాన్ని లేపుడు
ఆయనకైనా వశం కాదేమో
లోకమంత లేపకుండ.

ఇదంతా పాపసంకీర్తనల చెప్పిన.
జాలీ అవతల ఫాదర్ దగ్గిండు, చాలసేపు.
పైన ఫ్యాను తిరుగుతనే ఉన్నది.
దాని కరెంటు కూడ మేము కాల్చిన అడివే.
ఏ ఆజ్ఞ కింద రాయాల్నో
ఇద్దరికీ తెలువలే.
మూడు మంగళవార్తలు చెప్పుకొమ్మన్నడు,
ఒక చెట్టు పెట్టుమన్నడు.
పెట్టిన. వేప.
తెల్లారేసరికి ఆకు ఆకు మీద
చిమ్నీ బూడిద.

తొమ్మిదింటికి గది తలుపు తీస్తుంటే
కొత్తగ చేరిన ఓదెలు అన్నడు:
"మేడం, నొసట మసి అంటింది."
సాంపిల్‌ది కాదులే, అన్న.
తుడుసుకోలే.

ఇరవై నాలుగో మూస:
సున్నా పాయింట్ మూడు నాలుగు ఒకటి రెండు.
రాద్దామని తల వంచితే
నుదుటికెళ్లి ఒక రేణువు రాలింది కాయితం మీద,
ఈతాకుదో, వేపాకు మీద పడ్డదో.
తూకమెయ్యలే.
ఊది పారెయ్యలే కూడ.